ఇంటి ప్రకటనలో నేల వాటా కూడా అచ్చువేయాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక స్థిరాస్తి పుటలో వచ్చే ఫ్లాట్ల ప్రకటనలను కొన్ని నెలలుగా శ్రద్ధగా చదువుతున్నాను. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, ఈస్ట్ ఫేసింగ్ అన్న మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటున్నాయి గానీ, ఆ ఫ్లాటుతో పాటు కొనేవారి పేరున ఎన్ని గజాల నేల రిజిస్టరవుతుందో మాత్రం దాదాపు ఎక్కడా కనిపించడం లేదు.

మేము 1998లో మల్కాజిగిరిలో ఒక ఫ్లాటు కొన్నాం. 600 గజాల స్థలంలో పన్నెండు ఫ్లాట్లు కట్టారు కాబట్టి మా వాటాకు 50 గజాలు వచ్చింది. అప్పట్లో ఆ సంగతి మేమూ అడగలేదు. వంటగట్టుకు ఏ రాయి వేస్తారు, అల్మరాలు ఎన్ని ఇస్తారు అన్న విచారణే ఎక్కువ. ఇటీవల అమ్మకానికి పెట్టినప్పుడు చూడవచ్చినవారెవరూ ఆ వంటగట్టును పట్టించుకోలేదు. యూడీఎస్ (ఫ్లాటుకు దక్కే అవిభాజ్య నేల వాటా) ఎంత, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, 2020 అక్టోబరు వానలకు సెల్లారులో నీళ్లు నిలిచాయా, రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లవచ్చా అని అడిగారు. పాతబడిన కట్టడానికి వాళ్లు కట్టిన విలువ స్వల్పం. మాకు చేతికొచ్చిన సొమ్ములో అధికభాగం ఆ 50 గజాలకూ, ఆ చోటుకూ వచ్చిందే.

ఇప్పటి ఆకాశహర్మ్యాల లెక్క వేరు. ఎకరమంటే 4,840 గజాలు. ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితి లేకుండా అనుమతులు ఇస్తూ వచ్చిన హైదరాబాద్‌లో ఎకరాకు 160 ఫ్లాట్లు కడితే ఒక్కొక్కరికి దక్కేది సుమారు 30 గజాలు, 200 కడితే 24. లిఫ్టులు, పూల్ పాతబడేకొద్దీ వాటి నిర్వహణ ఖర్చు పెరుగుతుంది. పక్కనే కొత్త టవర్ లేస్తే, పాత ఫ్లాటులోని హంగుల కోసం ఎక్కువ ధర పెట్టేవారు దొరకడం కష్టం. హంగులు వద్దని నేను అనడం లేదు. పిల్లలకు ఆటస్థలం, పెద్దలకు లిఫ్టు అవసరమే. వాటి కోసం ఎంత నేల వదులుకుంటున్నామో తెలిసి కొనాలన్నదే నా మాట.

చోటు విషయంలో దాపరికం ఇంకా ప్రమాదకరం. 2020లో సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగిన దృశ్యాలను మీరే ప్రచురించారు. ఆ ఇళ్లు కొన్నవారిలో ఎంతమందికి నీటి దారి ఎటో ముందుగా ఎవరైనా చెప్పి ఉంటారు? ‘లేక్ వ్యూ’ అని ఊరించే ప్రకటన, ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే మట్టం) హద్దు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో కూడా చెప్పాలి కదా.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాను, అంటే ఇంటి లోపల వాడుకోగల విస్తీర్ణాన్ని, స్పష్టంగా నిర్వచించింది. ప్రకటనల్లో రెరా నమోదు సంఖ్య వేయాలన్నది కూడా ఆ చట్టం పెట్టిన నియమమే. అయినా ధరలు ఇప్పటికీ మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి చోట్లనూ కలిపిన సూపర్ బిల్టప్ అడుగుల్లోనే చెబుతున్నారు. కార్పెట్ ఏరియా, యూడీఎస్ గజాలు, ఎఫ్‌టీఎల్ దూరం అనే మూడు అంకెలను రెరా సంఖ్య పక్కనే వేయాలని మీ ప్రకటనకర్తలను కోరవలసిందిగా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్