థర్మోస్టాట్ ఎంపికలో చూడవలసింది కొలతలను

సంపాదకులకు నమస్కారం.

లారీ ఇంజిన్ విడిభాగాల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, థర్మోస్టాట్ (వేడిని బట్టి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానికి రేడియేటర్ దారిని తెరిచి మూసే వాల్వ్) మార్చవలసి వచ్చినప్పుడు ఇంజిన్ కంపెనీ పేరుతో వచ్చే ఒరిజినల్‌నే కొనాలనీ, బయటి తయారీదారుల సరుకు జోలికి పోకూడదనీ రాశారు. ఆ సలహా చెడ్డదేమీ కాదు. ఇంజిన్ సంగతులు తెలియనివారికి చాలావరకు అదే క్షేమం కూడా. కానీ అది సగం మాటే. డీజిల్ ఇంజిన్ల మరమ్మతు పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, కొత్త థర్మోస్టాట్ ఎవరి పెట్టెలో వచ్చిందన్న దానికంటే, తీసేసిన దానితో ఏయే కొలతల్లో సరిపోతున్నదన్నదే ముందుగా అడగవలసిన ప్రశ్న. ఆ కొలతలు సరిచూసుకోగలిగినవారు పేరున్న బయటి సరుకును నిశ్చింతగా వాడవచ్చు. సరిచూసుకోనివారు ఒరిజినల్ పేరున్న పెట్టె కొని కూడా నష్టపోవచ్చు.

థర్మోస్టాట్ నడుమ ఒక చిన్న ఇత్తడి గిన్నె, అందులో రాగి పొడి కలిపిన మైనం ఉంటాయి. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, నిర్ణీత వేడికి చేరగానే ఆ మైనం కరిగి ఉబ్బి, రబ్బరు తొడుగును నొక్కి, లోపలి పిన్నును బయటికి తోస్తుంది. ఆ తోపుకు స్ప్రింగ్ లొంగి వాల్వ్ తెరుచుకుంటుంది, కూలెంట్ రేడియేటర్‌లోకి పోతుంది. చల్లబడితే మైనం కుంచించుకుపోయి, స్ప్రింగ్ వాల్వ్‌ను తిరిగి మూసేస్తుంది. ఈ మైనపు రకం 1930ల్లో వచ్చింది. అంతకుముందు వాడిన తిత్తి రకం థర్మోస్టాట్లు లోపలి ద్రవం ఆవిరై ఉబ్బడం మీద ఆధారపడేవి. కూలెంట్‌ను ఒత్తిడిలో ఉంచి నడిపే పద్ధతి స్థిరపడ్డాక, ఆ ఒత్తిడే తిత్తిని నొక్కి తెరుచుకునే వేడిని మార్చేస్తుండటంతో అవి మరుగున పడ్డాయి. ఇంత సరళమైన యంత్రం కనుకనే దీన్ని ఎవరైనా తయారు చేయగలరనిపిస్తుంది. నిజానికి మైనం పాళ్లు, రబ్బరు నాణ్యత, గిన్నె అంచును నొక్కి మూసిన తీరు, స్ప్రింగ్ బలం అన్నీ ఏళ్ల తరబడి ఒకేలా పనిచేయాలంటే తయారీలో చాలా క్రమశిక్షణ కావాలి. అంచు దగ్గర మైనం కారిపోయిందంటే తోసే శక్తే ఉండదు. స్ప్రింగ్ వాల్వ్‌ను మూసే ఉంచుతుంది, ఇంజిన్ కాగిపోతుంది, హెడ్ గాస్కెట్ పోవడం, సిలిండర్ హెడ్ పగలడం దాకా వస్తుంది.

అందరూ చూసే కొలత ఒకటే, థర్మోస్టాట్ మీద ముద్రించిన డిగ్రీల అంకె. 82 అని ఉంటే సాధారణంగా 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాల్వ్ తెరుచుకోవడం మొదలవుతుందని అర్థం; పూర్తిగా తెరుచుకోవడానికి మరో 10 నుంచి 15 డిగ్రీలు పట్టవచ్చు. ఆ పూర్తి స్థితిలో వాల్వ్ ఎన్ని మిల్లీమీటర్లు లేచిందన్నది పెట్టె మీద చాలా అరుదుగా కనిపిస్తుంది. రెండు థర్మోస్టాట్లూ 82వే కావచ్చు. కానీ ఒకటి 10 మిల్లీమీటర్లు లేచి, మరొకటి 7 దగ్గర ఆగిపోతే, నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆ తేడా టెంపరేచర్ గేజ్ మీద కనబడుతుంది. మామూలు రోడ్డు మీద మాత్రం రెండూ ఒకేలా నడుస్తాయి కనుక, కొత్తది బాగానే ఉందన్న భ్రమ కొన్నాళ్లు కొనసాగుతుంది.

ఇంజిన్ వేడెక్కుతున్నదని తక్కువ అంకె ఉన్న థర్మోస్టాట్‌ను బిగించే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. థర్మోస్టాట్ ఇంజిన్ వేడికి కింది హద్దును మాత్రమే నిర్ణయిస్తుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్న తరువాత వేడిని అదుపులో ఉంచవలసినవి రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపు. వాటిలో లోపముంటే 82 స్థానంలో 71 పెట్టినా ఇంజిన్ వేడెక్కడం కాస్త ఆలస్యమవుతుందే గాని ఆగదు. ఒరిజినల్ ఉన్న ఇంజిన్‌కు బయటి కంపెనీ నుంచి తక్కువ అంకెది తెచ్చి, ఇదే మెరుగని చెప్పేవారిని అందుకే నేను నమ్మను.

అన్నిటికంటే ఎక్కువగా పొరపాటు జరిగేది బైపాస్ దగ్గర. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలో తిరిగి పంపుకే వస్తుంది. చాలా డీజిల్ ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున మరో బిళ్ల ఉంటుంది. పై వాల్వ్ తెరుచుకుంటున్న కొద్దీ ఆ బిళ్ల బైపాస్ రంధ్రాన్ని మూసుకుంటూ వస్తుంది. చుట్టుకొలత సరిపోయి, అంకె కూడా సరిపోయి, ఆ అడుగు బిళ్ల మాత్రం లేని థర్మోస్టాట్‌ను బిగిస్తే, లేదా బిళ్ల ఉన్నా దాని పొడవు చాలక రంధ్రాన్ని చేరకపోతే, వాల్వ్ నిండుగా తెరుచుకున్నా కాగిన కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లో తిరుగుతూ ఉంటుంది. అప్పుడు రేడియేటర్ కడిగిస్తారు, ఫ్యాన్ బెల్టు మారుస్తారు, పంపు విప్పుతారు. థర్మోస్టాట్ కొత్తదే కదా అని దాని జోలికి మాత్రం ఎవరూ పోరు. థర్మోస్టాట్‌నే పూర్తిగా తీసిపారేసే వారికి కూడా ఈ కారణంగానే చిక్కు వస్తుంది: బైపాస్‌ను మూసేదే లేకుండా పోతుంది. నిండు లోడులో కాగిపోవడం, ఖాళీగా నడిచేటప్పుడు వేడెక్కకపోవడం, ఒకే లారీలో రెండూ జరుగుతాయి.

గాలి పోయే చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే పిన్ను కూడా చిన్నచూపు చూడదగినవి కావు. కూలెంట్ నింపేటప్పుడు ఇంజిన్‌లో చిక్కుకున్న గాలి ఆ దారినే పైకి పోవాలి. ఒరిజినల్‌లో ఆ పిన్ను ఉండి, కొన్నదానిలో లేకపోతే, ఇంజిన్‌లో గాలి బుడగ నిలిచిపోవచ్చు. మైనపు గిన్నె చుట్టూ కూలెంట్‌కు బదులు గాలి ఉంటే అది తెరుచుకోవలసిన సమయానికి తెరుచుకోదు. పిన్ను ఉన్నా, దాన్ని పై వైపు వచ్చేలా బిగించకపోతే ఉన్న ప్రయోజనం పోతుంది. ఇక హౌసింగ్‌లోని (థర్మోస్టాట్ కూర్చునే గూడులోని) సీల్ సంగతి: అది అరిగిపోతే వాల్వ్ మూసి ఉన్నప్పుడు కూడా కూలెంట్ పక్కనుంచి రేడియేటర్‌కు కారిపోతుంది, కొత్త థర్మోస్టాట్ మీద నింద పడుతుంది. ఒరిజినల్ పెట్టెలో ఆ సీల్ కలిసి వస్తున్నదా, బయటి పెట్టెలో విడిగా కొనవలసి వస్తున్నదా అన్నది ధరలు పోల్చేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోరు.

వేడెక్కడం గురించి అందరూ భయపడతారు గాని, తెరుచుకుని ఉండిపోయే థర్మోస్టాట్ చేసే నష్టం నిదానమైనది కనుక పట్టించుకోరు. ఇంజిన్ చల్లగా నడిస్తే డీజిల్ పూర్తిగా మండదు. కొంత ఇంధనం సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచబరుస్తుంది, తేమ ఆవిరి కాక ఆయిల్‌లో మడ్డి పేరుకుంటుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉన్న కొత్త ఇంజిన్లలో ఇంకో చిక్కు ఉంది: కూలెంట్ తగిన వేడికి చేరితే తప్ప ఆ ఫిల్టర్‌లోని మసిని కాల్చే ప్రక్రియను కంప్యూటర్ మొదలుపెట్టనివ్వని ఏర్పాటు చాలా వాటిలో ఉంటుంది. అందువల్ల చౌకగా కొన్న, స్ప్రింగ్ బలం చాలని థర్మోస్టాట్ చివరికి అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన ఫిల్టర్‌ను మూసుకుపోయేలా చేయగలదు.

ఇక సరుకు సంగతి. ఇంజిన్ కంపెనీలు చాలావరకు థర్మోస్టాట్లను తామే తయారు చేయవు. వాహ్లర్, స్టాంట్ వంటి ప్రత్యేక తయారీదారులు ఉన్నారు, వారు వాహన కంపెనీలకు సరఫరా చేస్తూనే తమ పేరుతో కూడా బయట అమ్ముతారు. కనుక ఒరిజినల్, బయటి సరుకు అని రెండే జాతులుగా విభజించి, ఒకటి మంచిది, రెండోది చెడ్డది అనడం సరికాదు. కంపెనీ పెట్టెలోది, అదే స్థాయి తయారీదారు సొంత పెట్టెలోది, తయారీదారు ఎవరో తెలియని చౌక సరుకు, కంపెనీ పెట్టెను అనుకరించిన నకిలీ, ఇవన్నీ ఒకే దుకాణం అరలో పక్కపక్కన ఉండవచ్చు. వీటిలో నాలుగోదే నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే దాన్ని కొనేవాడు ఒరిజినలే కొనాలన్న మీ సలహాను తు.చ. తప్పకుండా పాటించినవాడే.

మరి ఒరిజినల్‌కే కట్టుబడి ఉండవలసిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. వారంటీలో ఉన్న లారీకి వివాదం కొనితెచ్చుకోవడం దండగ. కంప్యూటర్ ఆదేశంతో లోపలి హీటర్ ద్వారా తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్నచోట, హౌసింగ్‌తో కలిపి ఒకే ముక్కగా వచ్చేచోట కూడా నేను ఒరిజినల్‌నే వాడతాను. అక్కడ సరిచూడవలసిన అంశాలు చేతిలోని కొలబద్దకు అందవు. రెండు లేదా అంతకంటే ఎక్కువ థర్మోస్టాట్లు ఉండే పెద్ద ఇంజిన్లలో మాత్రం పేరు కంటే జత ముఖ్యం: అన్నిటినీ ఒకేసారి, ఒకే తయారీదారువి మార్చాలి, లేకపోతే ముందు తెరుచుకునేదాని మీదే భారమంతా పడుతుంది. పాత తరహా సాదా ఇంజిన్‌కు, అందులోనూ సరుకుతో లారీ దారిలో నిలిచిపోయి ఒరిజినల్ రావడానికి రోజులు పట్టేటప్పుడు, కొలతలన్నీ సరిపోయిన పేరున్న బయటి థర్మోస్టాట్‌ను కాదనడంలో నాకు తెలివి కనిపించదు.

కొన్నది ఏదైనా, బిగించే ముందు పరీక్షించడం కష్టం కాదు. గిన్నెడు నీళ్లలో పాతదాన్నీ కొత్తదాన్నీ అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి, నిదానంగా కాచి, ఏది ఎంత వేడి దగ్గర కదలడం మొదలుపెట్టిందో, ఎంత లేచిందో, చల్లారాక పూర్తిగా మూసుకుందో లేదో చూడవచ్చు. అయితే 88 లేదా అంతకు మించిన అంకె ఉన్నవాటికి పూర్తిగా తెరుచుకునే వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనో దాటియో ఉండవచ్చు కనుక, మూత లేని గిన్నెలోని నీళ్లు మరిగి అక్కడే ఆగిపోతాయి. అది పూర్తిగా లేవలేదని పారేస్తే మంచి థర్మోస్టాట్‌నే పారేసినట్టవుతుంది.

ఈ పరీక్షకు కూడా పోల్చుకోవడానికి అంకెలు కావాలి. తెరుచుకోవడం మొదలయ్యే వేడితో పాటు, పూర్తిగా తెరుచుకునే వేడి, అప్పుడు వాల్వ్ లేచే ఎత్తు, అడుగు బిళ్ల కొలత, సీల్ కలిసి వస్తున్నదో లేదో ఇంజిన్ కంపెనీలూ బయటి తయారీదారులూ పెట్టె మీదే ముద్రించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. విడిభాగాల గురించి మీరు మళ్లీ రాసేటప్పుడు, ఆ వివరాలు ముద్రించే తయారీదారులు ఎవరో, ముద్రించనివారు ఎవరో కూడా పాఠకులకు తెలియజేయగలరు.

భవదీయుడు,
డీజిల్ ఇంజిన్ల మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు