ఇంజను జోలికి మాత్రం పోకు

విజయవాడ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. కాకినాడలో మీ పెదనాన్నగారి షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న ఫియట్‌ను నీకిచ్చేస్తానన్నారని చదివి, నాకే ఇచ్చినంత సంబరపడ్డాను. ఆ సంబరం రెండో పేజీ దాకా కూడా నిలవనివ్వలేదు నువ్వు. వ్యాను ఇంజను పెట్టిస్తావా? స్టీరింగు పక్కనున్న గేరు కిందికి మార్పిస్తావా? అల్లాయ్ చక్రాలు, ఏసీ, పైకప్పు కోయించి సన్‌రూఫ్? ఇవన్నీ అయ్యాక ఫియట్ అని చెప్పుకోవడానికి మిగిలేది ముందున్న జాలీ ఒక్కటే. ఆ మాత్రానికి కారంతా ఎందుకు, జాలీ ఒక్కటి కొనుక్కుని గోడకు తగిలించుకో.

పాత బండిని ముట్టుకోకుండా అద్దాల బీరువాలో పెట్టాలనే బాపతు కాదు నేను. నా 1970 మోడల్ ఫియట్‌లో మార్చినవి చాలానే ఉన్నాయి. అయితే ఒక పట్టింపు ఉంది. రేపు ఎప్పుడైనా విప్పేసి, పాత భాగాన్ని మళ్లీ యథాస్థానంలో బిగించగలిగేదైతేనే మారుస్తాను. రంపం, వెల్డింగు అవసరమయ్యే మార్పు ఎంత ముచ్చటైనదైనా వద్దంటాను. విప్పిన భాగాలన్నీ నూనె రాసి, కాగితం చుట్టి, అట్టపెట్టెల్లో అటక మీద పెట్టాను. ఆ అటక గురించి ఇంట్లో ఏమంటున్నారో ఉత్తరంలో రాయలేను.

మీ పెదనాన్నగారిది 1982 మోడల్ అన్నావు కాబట్టి కాగితాల మీద అది ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ వాళ్ల 1100డిని ముంబైలో కుర్లా ఫ్యాక్టరీలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి తయారుచేసింది. 1974లో చిత్తోడ్ రాణి పేరు పెట్టారు. రాణి పేరు ఎవరికి పట్టింది? మనవాళ్లకు అది చివరిదాకా ఫియట్ కారే. 1089 సీసీ ఇంజను, నలభైకి అటూ ఇటూగా హార్స్‌పవరు. నువ్వు చిన్నచూపు చూస్తున్నది ఈ నలభైనే కదా. ఆ బండి బ్రేకులు, స్ప్రింగులు, స్టీరింగు అన్నీ ఆ నలభైకి సరిపడా చేసినవి. అంతకు మించిన బలం ఇచ్చి హైవే ఎక్కితే ఆపడానికి ఉండేది నాలుగు డ్రమ్ము బ్రేకులే. వాటినీ మార్చాలి, ఆపైన ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కొలత మార్చాలి, రేడియేటరు మార్చాలి, ఇంజను కూర్చోవడానికి కొత్త బ్రాకెట్లు బాడీకి వెల్డింగు చేయాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అంటారే, అదీ సంగతి.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. అంబాసిడర్ లాగానే దీనికీ అడుగున విడిగా చాసిస్ అంటూ ఏమీ లేదు. బాడీయే చాసిస్. నేల రేకు, డోర్ల కింద పట్టీలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కప్పు కోసి కిటికీ పెడితే గాలి వస్తుంది, నిజమే. గతుకుల రోడ్డు మీద తలుపులు వాటంతట అవి తెరుచుకోవడం కూడా మొదలవుతుంది.

చట్టం సంగతి కూడా చూడు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంజను మార్చాలన్నా, ఆర్‌సీలో ఉన్న రంగు మార్చాలన్నా ఆర్‌టీఏ అనుమతి కావాలి. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకొకసారి ఫిట్‌నెస్ చూసి ఆర్‌సీ పొడిగిస్తారు. ఆ రోజు ఇన్‌స్పెక్టరు టార్చి పట్టుకుని ఇంజను నంబరు, చాసిస్ నంబరు వెతుకుతాడు. రుసుము కూడా ఊరికే లేదు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేలకు పెంచారు.

నువ్వు అడిగిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నీ బండికి ఇప్పట్లో రాదు. 2021లో వచ్చిన ఆ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి. అంటే నువ్వు 2032 దాకా ఆగాలి, అప్పటికి వ్యాను ఇంజను ఉంటే ఆశ వదులుకోవాలి. నా బండికి వయసు చాలుతుంది గానీ నేను వెళ్లలేదు. వింటేజ్ కింద నమోదైతే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. కూరగాయలకు వెళ్లలేని కారు నాకెందుకు?

అన్నట్టు, కారును హైదరాబాద్ తీసుకెళ్లి అక్కడే ఉంచుతానన్నావు. వేరే రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం), పన్ను అన్నీ ఉంటాయి. నంబరు ప్లేటు మీద ఆ మూడక్షరాల పాత నంబరు చూశావా? 1989కి ముందు నాటి వరస అది. పోతే మళ్లీ రాదు. నన్నడిగితే మీ పెదనాన్నగారి ఊళ్లోనే ఉంచి, సెలవులకు వెళ్లినప్పుడల్లా నడుపు. సముద్రపు గాలికి మాత్రం దాన్ని జాగ్రత్తగా కాపాడాలి.

సరే, నేనేం మార్చానో చెబుతాను. మొదట బ్రేకులు. డ్రమ్ములే ఉంచాను, కానీ లోపలి వీల్ సిలిండర్లు, రబ్బరు కప్పులు, గొట్టాలు, మాస్టర్ సిలిండరు అన్నీ కొత్తవి వేయించాను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సిలిండరు లోపల తుప్పు పట్టేది అందుకే. రెండేళ్లకొకసారి మార్చేస్తే చాలు. ఈ పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు దారి. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా పెడలు నేలకు ఆనుతుంది. ఈ ఒక్క పనిలో పైసా కూడా బేరమాడకు.

తర్వాత కరెంటు. డైనమో ఉన్న బండి సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు నిద్రమొహం పెట్టేస్తాయి, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. తీసి ఆల్టర్నేటర్ పెట్టించాను. హెడ్‌లైట్లకు రిలేలు వేయించాను. లేకపోతే మొత్తం కరెంటు ఆ చిన్న స్విచ్చులోంచే పారి, అది వేడెక్కి కమిలిపోతుంది. వెలుగు ఎంత తేడానో ఏలూరు దారిలో రాత్రిపూట తెలిసింది.

వేడి గురించి నువ్వు వేరేగా అడిగావు. బెజవాడ ఎండలో ఫియట్ నడపడం ఒక విద్య. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. మే నెలలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు ఆవిరిని లాగలేదు, బండి ఆగిపోతుంది. అప్పుడు పాత డ్రైవర్లు తడిగుడ్డ చుట్టేవారు. పంపు మీద ఆ గుడ్డ పడగానే సుయ్‌మని పొగలొస్తాయి, కాసేపాగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు అందుకుంటుంది. నా డిక్కీలో ఇప్పటికీ ఒక పాత పంచె ముక్క, నీళ్ల సీసా ఉంటాయి. అసలు మందు మాత్రం రేడియేటరు శుభ్రంగా ఉండటం, పంపుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఒక రేకు అడ్డం పెట్టడం. కొందరు మెకానిక్కులు వేడెక్కుతోందనగానే, వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. పారేయనివ్వకు. అది లేకపోతే ఇంజను ఎప్పుడూ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. రేడియేటరులో ఉత్త కుళాయి నీళ్లు పోయకు. హెడ్డు అల్యూమినియం, కూలెంట్ లేకపోతే లోపల్లోపలే తినేస్తుంది. ఇదంతా చదివాక ఈ ఇంజనుకు ఏసీ కూడా తగిలిస్తానంటే ఇక నీ ఇష్టం.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ పొర దానికి మెత్తబడి ఉబ్బిపోతాయి. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు దొరుకుతున్నాయి, అవే వేయించు. పైగా ఆ ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనక పెట్రోలును కొలిచి వదిలే పాత జెట్టుతో గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, బండి తుమ్ముతూ నడుస్తుంది. కార్బొరేటర్‌లో మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచితే సర్దుకుంటుంది. నెలల తరబడి కదపకపోతే ట్యాంకులో నీరు చేరి రేకు తుప్పు పడుతుంది. కాబట్టి తరచూ నడపడమే దానికి చేసే పెద్ద సేవ.

స్టీరింగు పక్కన గేరు మాత్రం మార్చకురా. ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య ఇరుక్కుంటుందని నీకు భయం. ఇరుక్కునేది గేర్‌బాక్సు కాదు. బానెట్ తెరిస్తే స్టీరింగు కడ్డీ అడుగున కనిపించే రెండు చిన్న లీవర్ల దగ్గర బుష్షులు అరిగి ఉంటాయి, అంతే. ఆ బుష్షులు లేత్ మీద చేయించి వేస్తే వేళ్లతోనే గేరు పడుతుంది. ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే సోఫాగా ఉండేది ఆ గేరు పైన ఉన్నందువల్లే. చిన్నప్పుడు మీ పెదనాన్నగారి పక్కన మనిద్దరం, మధ్యలో మీ చెల్లి, ముగ్గురం కూర్చుని సినిమాకు వెళ్లలేదూ? గేరు కిందికి వస్తే ఆ సీటు రెండు ముక్కలవుతుంది.

పోయిన వారం ఆటోనగర్‌లో మా మేస్త్రి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపల గోరంత కాంటాక్ట్ పాయింట్లు రెండు. అవి విడిపోయిన ప్రతిసారీ కాయిల్‌లో కరెంటు తెగి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. వాటి మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. కొలవమని నా ఫీలర్ గేజ్ ఇచ్చాను. తీసుకోలేదు. జేబులోంచి ఒక పెళ్లిపిలుపు అట్టముక్క తీసి, మడిచి, సందులో పెట్టి స్క్రూ బిగించాడు. తర్వాత నా గేజ్ పెట్టి చూస్తే కచ్చితంగా సరిపోయింది. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, వాల్వులను కదిలించే టాపెట్ల చప్పుడు విన్నాడు. "మూడోది కొంచెం వదులు" అన్నాడు. విప్పితే మూడోదే. ఆ పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవచ్చు, మూత కిందే దాక్కుంటుంది, మళ్లీ తీసేయనూ వచ్చు. నువ్వు పెట్టుకుంటే తప్పుపట్టను. నేను పెట్టుకోను. దారిలో ఆగితే గరుకు కాగితంతో పాయింట్లు గీకి ఇంటికొచ్చేయవచ్చు, ఆ డబ్బా కాలితే మాత్రం లారీ ఎక్కించడమే.

విడిభాగాలు దొరకవని బెంగపడుతున్నావు. ఇంజను సామాను ఇంకా దొరుకుతోంది. ముంబైలో ఈ కార్లు వేలకొద్దీ ట్యాక్సీలుగా తిరిగినన్నాళ్లూ కుర్లా దుకాణాలు కళకళలాడాయి. 2023 అక్టోబరు 30తో అక్కడ పద్మిని ట్యాక్సీల కాలం ముగిసింది. ఆ గిరాకీ పోయాక కొత్తగా తయారుచేసేవాళ్లు తగ్గుతారు కదా, అందుకే కింగ్ పిన్నులు, వాటర్ పంపు కిట్టు, క్లచ్ ప్లేటు ఇప్పుడే ఒక్కో జత అదనంగా కొని పెట్టుకున్నాను. కష్టమంతా పైపై వస్తువులతోనే. లైటు అద్దాలు, డోరు పిడులు, బీడింగ్ రబ్బర్లు, క్రోమ్ పట్టీలు దొరకడం గగనం. దొరికినవి నకిలీవి, పట్టీ బిగిస్తే క్లిప్పు ఒకచోట, రంధ్రం ఒకచోట. కాబట్టి టింకరింగ్‌కు ఇచ్చే ముందు క్రోమ్ సామానంతా నువ్వే విప్పి ఇంటికి తెచ్చుకో. షెడ్డులో వదిలితే లెక్క సరిపోదు.

ఆదివారం కాకినాడ వెళ్తున్నావుగా. ఒక చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి తీసుకెళ్లు. డోర్ల అడుగున, చక్రాల పైన ఆనించి చూడు. అంటుకోకపోతే అక్కడున్నది రేకు కాదు, లప్పం. లోపల మ్యాట్లు పూర్తిగా లేపి నేల చూడు, డిక్కీలో స్టెప్నీ కింద చూడు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. అవి గట్టిగా ఉంటే మిగతాదంతా డబ్బుతో, ఓపికతో అయ్యేదే. అవే లేకపోతే నాకు ఫోను చెయ్యి, మాట్లాడదాం. ఎంత ఆత్రంగా ఉన్నా సెల్ఫ్ కొట్టకు. ముందు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో కాస్త ఆయిలు పోసి, ఒక రాత్రి నాననిచ్చి, చేత్తో ఇంజను తిప్పాలి. ట్యాంకులోని పాత పెట్రోలు వంచేయాలి. ఆ పనికి నేనూ వస్తాను, మేస్త్రినీ తీసుకొస్తాను.

స్క్రూడ్రైవర్‌తో పొడవడం మాత్రం పెదనాన్నగారి ఎదురుగా చేయకు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేదాకా ఆగు. లేకపోతే కారు ఇచ్చే ఆలోచనే మానుకుంటారు.

ఉంటాను. పిల్లలకు ఆశీస్సులు, చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రాంబాబు