జీడి కార్మికుల వేలిముద్రలు పడట్లేదు, రేషన్ ఆపకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

రేషన్ గురించి మీ పేపర్లో వార్తలు చాలానే వస్తుంటాయి గానీ మా పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే రాస్తున్నాను. పిక్క తొక్కలో ఉండే నూనెలో యాసిడ్ ఉంటుంది, తగిలితే చర్మం కాలిపోద్ది. బూడిద, ఆముదం రాసుకుంటారు, గ్లౌజులు వేసుకుంటే చెయ్యి ఆడదు, కిలోల లెక్కన కూలి కాబట్టి చెయ్యి ఆగితే కూలి తగ్గినట్టే. ముందు వేళ్ళ చివర్లు నల్లబడతాయి, తర్వాత పొరలు పొరలుగా ఊడతాయి, కొత్త చర్మం వచ్చేలోపే మళ్ళీ నూనె తగుల్తుంది, ఏళ్ళ తరబడి ఇలాగే జరిగాక బొటనవేలు గాజుముక్కలా నున్నగా అయిపోయి ఒక్క గీత కూడా మిగలదు.

రేషన్ డిపోలో మిషను అడిగేది ఆ వేలే.

మా పిన్ని పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే పని. వేలు చీరకొంగుకి తుడుచుకుని పెడుతుంది, పడదు, ఎడమ చెయ్యి పెడుతుంది, అదీ పడదు, "మరోపాలి సూడు బావూ" అని బతిమాలుతుంది. డీలర్ మంచోడే, ఓటీపీతో చేద్దాం పిన్నీ అంటాడు, కానీ ఆధార్‌కి ఇచ్చిన నంబరు కొడుకుది, వాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, స్లాబు మీద నుంచి దిగి ఫోన్ చూసేసరికి ఆ ఓటీపీ టైమ్ అయిపోతుంది. మళ్ళీ రేపు రమ్మంటారు. రేపు రావాలంటే పూట కూలి పోతుంది కదండీ, అది ఎవరిస్తారు?

వేలిముద్ర పడలేదని రేషన్ ఆపకూడదని, ఐరిస్‌తోనో (కంటిపాప స్కాన్) ఓటీపీతోనో చూడాలని, ఏదీ కుదరకపోతే ఆధార్ కార్డు చూసి రిజిస్టర్లో రాసుకుని ఇచ్చేయాలని 2017 అక్టోబర్లో ఆధార్ సంస్థే సర్క్యులర్ ఇచ్చింది. ఆ రిజిస్టర్ మా డిపోలో నేనైతే చూడలేదు. 2025 జూన్ నుంచి రేషన్ తెచ్చిచ్చే బళ్ళు ఆపేసి మళ్ళీ డిపోల్లో ఇస్తున్నారు, 65 దాటినవాళ్ళకి, దివ్యాంగులకి ఇంటికే తెచ్చిస్తామన్నారు, చాలా మంచి పని. కానీ జీడి పనిలో వేళ్ళు అరిగిపోవడానికి 65 రావక్కర్లేదు, నలభైల్లోనే అరిగిపోతాయి, వాళ్ళు ఏ లెక్కలోకీ రావట్లేదు. పలాస జీడిపప్పు అని దేశమంతా పేరు చెప్పుకుని అమ్ముకునే సరుకు వాళ్ళ చేతుల మీద వచ్చిందే, ఆ చేతులకే బియ్యం ఇవ్వడానికి రుజువు అడగడం నాకు చాలా బాధగా ఉంది.

అధికారులు మా వైపు డిపోలన్నిటిలో ఐరిస్ మిషను పనిచేసేలా చూడాలి, వేలిముద్ర పడని జీడి కార్మికుల పేర్లు సచివాలయంలో ముందే రాసుకుని వాళ్ళకి రిజిస్టర్ మీదే ఇచ్చెయ్యాలి. మీరు కూడా విలేకరి గారిని ఒకటో తారీఖు తర్వాత ఒక సాయంత్రం పంపండి, ఫ్యాక్టరీలు వదిలే టైముకి డిపో దగ్గర నిలబడితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా