రూపాయి డెబ్బై ఒక్క పైసల వాటాదారుడి విన్నపం

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రివర్యులకు,

కోనసీమలోని ఒక పల్లె నుంచి ఒక చిన్న కేబుల్ ఆపరేటరు నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. ఇంతకు ముందు మూడు అర్జీలు పెట్టుకున్నాను. రెంటికి జవాబు రాలేదు. మూడో దానికి మాత్రం, నా వినతిని సంబంధిత విభాగానికి పంపినట్టు రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదో, ఏ ఊళ్లో ఉంటుందో నాకు నేటికీ అంతుపట్టలేదు. అందుకని ఈసారి నలుగురూ చూసేలా రాస్తున్నాను. తమరికి తీరిక దొరక్కపోయినా మా ఊరివాళ్లయినా చదువుతారు, బిల్లు పెరిగిన ప్రతిసారీ నన్నెందుకు తిట్టకూడదో వాళ్లకైనా తెలుస్తుంది.

2019 ఫిబ్రవరి 1న కొత్త టారిఫ్ విధానం అమల్లోకి వచ్చినప్పుడు మాకు చెప్పిన మాట ఒకటే. చూసే ఛానెల్‌కే డబ్బు కట్టాలి, చూడనిదానికి పైసా కట్టనక్కర్లేదు, జనానికి ఖర్చు తగ్గుతుంది అన్నారు. ఆ మాటను మా ఊళ్లో గడపగడపకూ మోసినవాణ్ణి నేను. ఛానెళ్ల పేర్లు, ధరలు అచ్చువేసిన కాగితాలు పట్టుకుని, అరుగుల మీద కూర్చుని, ఇంటికి అరగంట చొప్పున టిక్కులు పెట్టించాను. "ఖర్చు తగ్గుతుందండీ, ప్రభుత్వమే చెబుతోంది" అని హామీ ఇచ్చింది కూడా నేనే. నెల తిరిగేసరికి, డబ్బు కట్టే ఛానెల్ ఒక్కటీ ఎంచుకోకుండానే, కనెక్షన్ ఉన్నందుకే కట్టాల్సిన నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు 130 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను కలిపి 153 రూపాయల 40 పైసలు లెక్క తేలింది. అంతకు ముందు మా ఊళ్లో అన్ని ఛానెళ్లూ కలిపి తీసుకున్నది 150. ఆ తర్వాత సీరియళ్లు వచ్చే ఛానెళ్లు, ఆటల ఛానెల్, పిల్లల బొమ్మల ఛానెల్ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. తగ్గుతుందన్న ఖర్చు ఏ ఇంట్లో తగ్గిందో చూపిస్తే ఆ ఇంటికి నేనే స్వయంగా వెళ్లి దండం పెట్టి వస్తాను.

మా వీధి చివర ఒక మామ్మ గారున్నారు. ఆవిడకు రెండే కావాలి, పొద్దున భక్తి ఛానెల్, రాత్రి ఒక సీరియల్. ఒక సాయంత్రం నన్ను పిలిచి, రిమోట్ నా చేతిలో పెట్టి, "బాబూ, నిన్నటిదాకా వచ్చింది కదా, ఎందుకు కట్టేశావు? నెల డబ్బులు ఇచ్చాను కదా" అన్నారు. తెర మీద ఇంగ్లీషులో ఏదో నోటీసు ఉంది. ఆ ఛానెల్‌ను పాత ప్యాకులోంచి తీసి ఇంకో ప్యాకులో పెట్టారని, ఆ ప్యాకు కావాలంటే ఆవిడ ఎన్నడూ చూడని మరో డజను ఛానెళ్లకు కూడా డబ్బు కట్టాలని ఆవిడకు ఎలా చెప్పను? చెప్పాను. అంతా విని, "నీ ఇష్టం వచ్చినట్టు పెంచుకుంటున్నావురా అబ్బాయ్" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో మంచినీళ్లు తాగుతున్నవాణ్ణి, తిరిగి మాట్లాడలేదు.

నా ఇష్టం ఎంతో తమరికి లెక్కగట్టి చూపిస్తాను. 19 రూపాయల ఛానెల్ ఒకటి విడిగా అమ్మితే, అందులో 80 శాతం, అంటే 15 రూపాయల 20 పైసలు ప్రసార సంస్థకు పోతాయి. మిగిలిన 3 రూపాయల 80 పైసల్లో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నమూనా ఒప్పందం చెప్పిన 55, 45 నిష్పత్తి ప్రకారం, 2 రూపాయల 9 పైసలు నాకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ కంపెనీకి, అంటే ఎంఎస్ఓకు, 1 రూపాయి 71 పైసలు నాకు. అదే ఛానెల్ మీద చందాదారుడు కట్టే పన్ను 3 రూపాయల 42 పైసలు. నాకొచ్చేదానికి సరిగ్గా రెండింతలు. కొబ్బరిచెట్టు ఎక్కి వైరు సరిచేసేది, వానలో జాయింటు విప్పేది, గుమ్మంలో నిలబడి మాట పడేది రూపాయి డెబ్బై ఒక్క పైసల వాటాదారుడు. 2025 సెప్టెంబరులో పెద్ద టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి తగ్గించినప్పుడు మా కేబుల్ బిల్లు మీద కూడా చూపు పడుతుందని ఆశపడ్డాను. టీవీ కొనేవాడికి ఊరట దక్కింది, చూసేవాడికి 18 శాతం అలాగే ఉంది.

ఆ వాటా కూడా చేతికి వచ్చే తీరు చూడండి. ఇప్పుడు అంతా ముందస్తు రీచార్జి. సెట్‌టాప్ బాక్సు గడువు తీరే రోజుకు, రీచార్జికని నేను ముందే డబ్బు వేసి ఉంచే వాలెట్‌లో సొమ్ము లేకపోతే అర్ధరాత్రి దాటగానే బొమ్మ ఆగిపోతుంది. మా చందాదారుల్లో సగం మంది కొబ్బరి మీద బతికేవాళ్లు. దింపు తీసి, కాయ అమ్మితేగాని వాళ్ల చేతిలో డబ్బు ఆడదు. దింపుకూ దింపుకూ మధ్య నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. రొయ్యల చెరువుల వాళ్లది ఇంకో లెక్క, పట్టుబడి అయ్యేదాకా అడగకూడదు, చెరువు పోతే అసలే అడగకూడదు. కంప్యూటరుకు ముప్పై రోజులు తప్ప ఇవేవీ తెలియవు. కాబట్టి ఊరందరి బదులు నేను ముందు కట్టి, తర్వాత వాళ్ల వెంట తిరుగుతున్నాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి మా లంకలు మునిగినప్పుడు, జనం పునరావాస కేంద్రాల్లో పులిహోర పొట్లాల కోసం నిలబడి ఉండగా, నీళ్లలో నానుతున్న బాక్సులకు కూడా నా వాలెట్‌లోంచి రోజులు తరిగిపోయాయి. నీళ్లు తీశాక డబ్బులు అడగడానికి ఆ ఇళ్లకు వెళ్లలేకపోయాను. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలని ఫోన్ చేసి అడిగితే, సిస్టమ్‌లో అలాంటి ఆప్షన్ లేదన్నారు.

పోనీ నియమాలైనా ఒకచోట నిలుస్తాయా అంటే అదీ లేదు. ప్యాకులో చేర్చే ఛానెల్ గరిష్ఠ ధర 19 అన్నారు, 2020లో 12 అన్నారు, 2022 నవంబరులో మళ్లీ 19 అన్నారు. ఆ ధరల మీద ప్రసార సంస్థలకూ ఎంఎస్ఓలకూ ఒప్పందాలు కుదరక 2023 ఫిబ్రవరిలో దేశంలో కోట్ల ఇళ్లకు ఛానెళ్లు ఆపేశారు. ఆ రోజుల్లో నా ఫోన్‌కు వచ్చిన కాల్స్ సంగతి నా భార్యనడిగితే చెబుతుంది. అదే ఏడాది ఐపీఎల్ అంతా ఫోన్‌లో ఉచితంగా చూపించారు. ఇక్కడ నేను ఆటల ఛానెల్‌కు నెల డబ్బు అడుగుతుంటే, అరుగు మీద కుర్రాడు ఫోన్‌లో అదే ఆట చూపించి నవ్వాడు. ఒకే సరుకు ఒక దారిలో ఉచితం, ఇంకో దారిలో ధరా, పన్నూ, నియమాలూను. ఒకప్పుడు నాకు 420 కనెక్షన్లు, ఇప్పుడు 180.

ఇదంతా వ్యాపారం, పడతాను. పడలేనిది ఇంకొకటుంది. డిజిటల్ రాక ముందు మా డాబా మీద కంట్రోల్ రూము ఉండేది. నాలుగు డిష్‌లు, ఒక రాక్ నిండా మాడ్యులేటర్లు, పక్కన ఒక డీవీడీ ప్లేయరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం మా లోకల్ ఛానెల్‌లో వచ్చేది, కౌశిక ఏటి నీళ్లలోంచి దేవుడి ప్రభను భుజాల మీద మోసుకెళ్లడం మంచం దిగలేని ముసలివాళ్లు కూడా చూసేవారు. గోదావరి పోటెత్తితే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం గంటగంటకూ తెర కింద వేసేవాణ్ణి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోది పడగానే లంకలోని మా వాళ్లు గొడ్లను గట్టుకు తోలేవారు. 2017 మార్చి 31 గడువుతో పల్లెల్లోనూ అనలాగ్ కట్టేయమన్నాక బొమ్మ అంతా ఎక్కడో నగరం నుంచి వస్తోంది. ఆ తెర మీద ఒక్క అక్షరం వేసే వీలు నాకు లేదు. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం స్థానిక వార్తలు ఇవ్వాలంటే కంపెనీగా నమోదై ఉండాలట. గోదావరి ఎంత ఎత్తున పారుతోందో మా ఊరికి చెప్పడానికి నేను కంపెనీ పెట్టాలా అండీ? ఆ డీవీడీ ప్లేయరు ఇంకా ఉంది, దాని మీద మా అమ్మాయి పుస్తకాలు పెట్టుకుంటోంది.

సరళీకరణ గురించి కూడా ఒక మాట. ఏటా హెడ్ పోస్టాఫీసులో 500 కట్టి తెచ్చుకునే ఆపరేటరు రిజిస్ట్రేషన్‌ను 2025 జనవరి నుంచి ఆన్‌లైన్ చేసి, అయిదేళ్లకు 5,000 చేశారు. అయిదు అయిదువందలు ఎంతో మా ఊరి బడిలో పిల్లలు చెబుతారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. చిన్న ఆపరేటరు వాటాను మళ్లీ ఒకసారి చూడండి. బిల్లు మీద పన్ను తగ్గించండి. వరద, తుపాను రోజులకు రీచార్జి కోయకుండా నియమం పెట్టించండి. ఫోన్‌లో ఉచితంగా ఇచ్చేదాన్ని మా దగ్గర ధర కట్టి అమ్మించకండి. మా ఊరి బొమ్మ మా ఊరివాళ్లకు చూపించుకోనివ్వండి. వాటా సంగతి మరోసారి మనవి చేస్తున్నాను, దయచేసి చూడండి. ఇవన్నీ కుదరవంటే, ధరలు పెంచేది నేను కాదని తెలుగులో నాలుగు ముక్కలు రాసి, తమరి శాఖ ముద్ర వేసి పంపించండి. మా వీధి చివర మామ్మ గారికి చూపించుకుంటాను.

ఈ దఫా దింపు వానల వల్ల ఇంకా పడలేదు. 61 బాక్సుల గడువు ఎల్లుండితో తీరుతుంది. వాలెట్ నింపడానికి ఇప్పుడు సొసైటీకి వెళ్తున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక కేబుల్ ఆపరేటరు, కోనసీమ