చేతిలో పట్టునూ కొలవండి

సంపాదకులు గారికి,

9 ఏళ్లుగా ఫైబ్రోమయాల్జియాతో, అంటే ఒళ్లంతా నొప్పులు పెట్టే జబ్బుతో బతుకుతున్నాను. పొద్దున్నే పచ్చడి జాడీ మూత తిప్పలేను, తడిసిన దుప్పటి పిండలేను. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ నార్మల్. ఒక డాక్టరైతే ‘అంతా టెన్షనేనమ్మా’ అని పంపేశారు. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధపెట్టింది. మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలను పెంచేసే జబ్బు ఇది. మామూలు పరీక్షలకు దొరకదు.

చేతి పట్టును మాత్రం కొలవొచ్చు. డైనమోమీటరు అనే చిన్న పరికరాన్ని పిడికిట బిగిస్తే పట్టు ఎంతో కిలోల్లో చూపిస్తుంది. నా కుడిచేయి 9 దాటలేదు. ఆ అంకె చూశాకే మా ఆయన మంచినీళ్ల బిందె తానే ఎత్తడం మొదలుపెట్టారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మా జబ్బు పేరు లేదు. కనీసం ప్రభుత్వాసుపత్రుల్లో ఫిజియోథెరపీకి వచ్చే మాలాంటివాళ్ల చేతిపట్టు కొలిచి, కేస్‌షీటులో రాయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి