వేలి మీటరు 98 చూపిస్తే సరిపోదు

సంపాదకులు గారికి,

కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటర్లను కొందరు ఇప్పుడు అలిపిరి మెట్లెక్కేటప్పుడు వెంట తెచ్చుకుంటున్నారు. మొన్న గాలిగోపురం దగ్గర మా వీధి అమ్మాయి ఆయాసంతో కూలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయినాయి. ఇంక ఎక్కొద్దంటే వేలు చూపించింది: "98 ఉండాది కదక్కా, ఏం కాదులే!" కిందికి దింపి రక్తపరీక్ష చేయిస్తే, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ 100 మిల్లీలీటర్లకు 8 గ్రాములే.

నేను నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఆ మీటరు అబద్ధం చెప్పలేదు. ధమనుల్లోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో అదొక్కటే దానికి తెలుసు. ఘాట్ రోడ్డు బస్సులన్నీ నిండుగా పోతున్నాయని చెబుతుంది గానీ, అసలు బస్సులెన్ని తిరుగుతున్నాయో చెప్పదు. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 15 గ్రాములున్న మనిషికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీలీటర్ల దాకా ఆక్సిజన్ ఉంటే, ఈ పిల్లకు పదీ పదకొండే. వేలి మీద ఇద్దరికీ 98!

ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఆ 20లో 5 మాత్రమే వాడుకుంటుంది, మిగతాది సిరల్లో వెనక్కి వెళ్తుంది. అందుకే రక్తం తక్కువున్నవాళ్లకూ ఇంట్లో ఏమీ తెలియదు. మెట్లెక్కితే కథ వేరు. పిక్కల్లో అంతవరకు రక్తం సరిగా పారని సూక్ష్మ రక్తనాళాలు తెరుచుకుంటాయి. ఏడెనిమిది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎర్రకణం వాటిలో ఒదిగి, వంగి, ఒకదాని వెనక ఒకటిగా దూరాలి. గోడ ఒక్క కణం మందమే. ఇచ్చిపుచ్చుకోవడమంతా అక్కడే, పెద్ద నాళాలు మోసుకొచ్చేవి మాత్రమే. పనిచేసే కండరంలో వేడి, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ హిమోగ్లోబిన్ పట్టు సడలించి ఆక్సిజన్‌ను ఎక్కువగా వదిలేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సంగతి క్రిస్టియన్ బోర్ 1904లోనే చూపించాడు. ఇన్నేళ్లు ఆసుపత్రిలో గడిపినా ఈ ఏర్పాటు తలుచుకుంటే నాకు ముచ్చటే.

గుండె కండరానికి మాత్రం ఆ వెసులుబాటు తక్కువ. విశ్రాంతిలోనే తనకొచ్చే ఆక్సిజన్‌లో 70 శాతం దాకా లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే రక్తమే ఎక్కువ రావాలి. గుండెకు రక్తం తెచ్చే కరోనరీ ధమని కొవ్వుతో ఇరుకైతే ఎక్కడ నుంచి వస్తుంది? మోకాళ్లమెట్టు దగ్గర ఛాతీ పట్టేస్తున్నా వేలి మీద 98 ఉండొచ్చు. బీడీలు, సిగరెట్లు తాగేవాళ్ల సంగతి మరీ అన్యాయం: పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా మామూలు మీటరు ఆక్సిజన్ ఖాతాలోనే వేసేస్తుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు నడకదారి భక్తులకు జాగ్రత్తలు వేస్తుంటారు కదా, నీళ్లు, బీపీ మాత్రలు అని. హిమోగ్లోబిన్ చూపించుకుని రమ్మని కూడా ఒక వాక్యం చేర్చండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మొక్కు పేరుతో ఒంటిపొద్దు ఉండి మెట్లెక్కేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

ఇట్లు,
రిటైర్డ్ స్టాఫ్ నర్సు, తిరుపతి