కారుకు 15 ఏళ్లు, కారులోని కంప్యూటర్‌కు ఎన్నేళ్లు?

గౌరవనీయులైన సంపాదకులకు,

కొత్త కారు కొన్నవారి దగ్గర రవాణా శాఖ రిజిస్ట్రేషన్ సమయంలోనే లైఫ్ ట్యాక్స్ మొత్తం కట్టించుకుంటుంది. ఆ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే మరో ఐదేళ్లు పొడిగిస్తారు. అంటే సొంత కారు కనీసం 15 ఏళ్లు రోడ్డు మీద తిరుగుతుందన్నది ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క. ఆ కారును నడిపించే కంప్యూటర్లు, సెన్సార్లు, తెరలు కూడా అన్నేళ్లు పనిచేస్తాయనీ, పాడైతే అన్నేళ్లూ దొరుకుతాయనీ మాత్రం అమ్మేటప్పుడు ఎవరూ రాసివ్వరు. వారంటీ కాగితంలో ఉండేది కొద్ది సంవత్సరాల మాటే. మిగిలిన కాలానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నను మీ పత్రిక ద్వారా పాఠకుల ముందూ, కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ముందూ ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

పాత కార్లే మేలని వాదించడం నా ఉద్దేశం కాదు. చలికాలం పొద్దున్నే చోక్ లాగి, సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి, చివరికి ఇరుగుపొరుగును పిలిచి తోయించిన కార్బురేటర్ రోజులు నాకు బాగానే గుర్తున్నాయి. ఇవాళ ఇంజిన్‌లోకి ఎంత పెట్రోలు వెళ్లాలో, ఏ క్షణాన మండాలో కంప్యూటర్ నిర్ణయిస్తోంది కాబట్టే 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అనే పొగ కాలుష్య ప్రమాణాలను అమలు చేయగలిగారు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్, ప్రమాద క్షణంలో విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ కూడా ఎలక్ట్రానిక్స్ చలవే. ఇవి ఉండాల్సిందే. అయితే ప్రాణం కాపాడే పరికరాన్ని చట్టం ద్వారా తప్పనిసరి చేసినప్పుడు, అది ఎన్నాళ్లు పనిచేయాలో కూడా చట్టమే చెప్పాలి కదా.

సాధారణ కారులోనే ఇప్పుడు చిన్నాపెద్దా కంట్రోల్ యూనిట్లు, అంటే ఒక్కో పనిని చూసుకునే చిన్న కంప్యూటర్లు, పదుల సంఖ్యలో ఉంటాయి. ఇంజిన్‌కు ఒకటి, బ్రేకులకు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, కిటికీలు, లైట్లు, వైపర్లు, తాళాలు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ మరొకటి. ఇవన్నీ జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ అనే పద్ధతిలో, పెనవేసిన రెండు తీగల మీదుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. దీనివల్ల కారులో వైర్ల బరువు ఎంతో తగ్గింది, నిజమే. కానీ ఆ రెండు తీగల మీద ఒక్క యూనిట్ గాడి తప్పినా, దానితో సంబంధం లేని దీపాలు కూడా డ్యాష్‌బోర్డు మీద ఒక్కసారిగా వెలగవచ్చు. లోపం ఎక్కడో, లక్షణం ఇంకెక్కడో. చెవితో విని, చేత్తో తడిమి రోగం చెప్పే మెకానిక్ నేర్పు ఇక్కడ చాలదు. స్కానర్ కావాలి, స్కానర్ చూపించిన కోడ్‌ను అర్థం చేసుకునే చదువూ కావాలి.

ఎలక్ట్రానిక్ భాగాలలో కదిలేవేవీ లేవు కాబట్టి అవి అరగవని చాలామంది అనుకుంటారు. అరుగుతాయి. ఇందుకు అమెరికాలో జరిగిన టెస్లా ఉదంతం మంచి ఉదాహరణ. ఆ సంస్థ 2012 నుంచి 2018 వరకు తయారుచేసిన మోడల్ ఎస్ కార్లలోనూ, 2016 నుంచి 2018 వరకు తయారుచేసిన మోడల్ ఎక్స్ కార్లలోనూ మధ్యనున్న పెద్ద తెర వెనుక 8 గిగాబైట్ల మెమరీ చిప్ ఒకటి ఉండేది. ఇలాంటి చిప్ మీద రాసి, చెరిపి, మళ్లీ రాయడానికి ఒక పరిమితి ఉంటుంది. ఈ చిప్ విషయంలో అది లోపలి ఒక్కో గదికి సుమారు 3,000 సార్లు. కారు నడిచినంతసేపూ సాఫ్ట్‌వేర్ తన దినచర్యను ఆ చిప్ మీద రాసుకుంటూ పోవడంతో ఐదారేళ్లకే దాని ఆయుష్షు తీరిపోసాగింది. తెర నల్లబడితే పాటలు ఆగిపోవడంతో సరిపోదు. వెనుక కెమెరా పోతుంది, అద్దం మీది మంచును కరిగించే వేడిగాలిని సర్దుకునే వీలు పోతుంది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ 2021 జనవరిలో దాదాపు 1,58,000 కార్లను వెనక్కి పిలవమని కోరగా, మరుసటి నెలలో టెస్లా సుమారు 1,35,000 కార్ల రీకాల్‌కు అంగీకరించింది. ఇలాంటి భాగం కారు జీవితకాలమంతా మన్నాలనుకోవడం సమంజసం కాదన్న ధోరణిలో అప్పుడు ఆ సంస్థ ఇచ్చిన సమాధానం నన్ను ఆలోచనలో పడేసింది. భాగం మన్నదని తయారీదారుకే తెలిసినప్పుడు, వెనుక కెమెరానూ అద్దం మీది మంచునూ దానికే అప్పగించడం ఏ లెక్కన సమంజసం?

ఇప్పుడు మన దేశపు నిబంధన చూడండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు లోపాలున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. ఒక మోడల్ మీద నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే విచారణ జరిపించి రీకాల్‌కు ఆదేశించవచ్చు. కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఇంతవరకు బాగుంది. కానీ ఈ ఏర్పాటు ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇచ్చి, రక్షణ ఏడేళ్లకు ఆపేయడంలోని తర్కం నాకు బోధపడలేదు. తయారీ లోపమైతే చాలావరకు తొలి ఏళ్లలోనే బయటపడుతుంది. చిప్ అరుగుదల, టంకాలు బీటలు వారడం, కెపాసిటర్లు ఎండిపోవడం వంటివి తీరిగ్గా వచ్చే రోగాలు. సరిగ్గా అవి తలెత్తే వయసుకే చట్టం చేతులు దులుపుకుంటోంది.

రీకాల్ అనగానే కంపెనీకి తలవంపుగా భావించే అలవాటు మనకుంది. నా దృష్టిలో అది గౌరవప్రదమైన పని. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి కర్మాగారంలో తయారయ్యే కియా కారెన్స్‌నే తీసుకుందాం. 2022 అక్టోబరులో ఎయిర్‌బ్యాగ్ నియంత్రణ మాడ్యూల్‌లోని సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండవచ్చన్న అనుమానంతో 44,174 కార్లను ఆ సంస్థ తనంతట తానుగా వెనక్కి పిలిచింది. 2023 జూన్‌లో మీటర్ల తెర ఖాళీగా మిగిలిపోయే అవకాశం ఉందంటూ మరో 30,297 కార్లను పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. ఒక్క బోల్టు విప్పనక్కరలేకుండా, కేవలం ప్రోగ్రాం మార్చి సరిచేసిన లోపాలివి. బండి కొత్తది, కంపెనీకి ఆ మోడల్ మీద శ్రద్ధ ఉంది, కాబట్టి పని జరిగింది. అదే కారుకు పదేళ్లు నిండాక, ఆ మోడల్ షోరూం నుంచి వెళ్లిపోయాక, ఇలాంటి లోపమే కనిపిస్తే కొత్త ప్రోగ్రాం ఎవరు రాస్తారు? రాయాలన్న నిబంధన నాకు ఎక్కడా కనిపించలేదు.

మన వాతావరణం ఈ సమస్యను ఇంకా ముదురుస్తుంది. కారులో వాడే చిప్‌లకు ఉష్ణోగ్రతను బట్టి తరగతులున్నాయి. ఇంజిన్ దగ్గర పెట్టేవి 125 డిగ్రీల వరకు తట్టుకోవాలి, కారు లోపల పెట్టే కొన్ని 85 డిగ్రీల వరకు తట్టుకుంటే చాలు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూసినవారికి ఆ తెర రోజూ ఏం భరిస్తోందో వేరే చెప్పనక్కరలేదు. ఎలుకల సంగతి సరేసరి, వాటి పళ్లకు ఏ వైరైనా ఒకటే. ఇక వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మునిగిన కార్లకు లెక్కలేదు. వెనుకటి కారైతే ఇంజిన్ ఆయిలు మార్చి, సీట్లు ఎండబెట్టి నడుపుకునేవారు. ఇప్పుడు సీట్ల కింద, కార్పెట్ కింద, కాళ్ల దగ్గర మాడ్యూళ్లు ఉంటాయి. వాటిలోకి బురద నీరు వెళ్తే ఒక్కొక్కటీ మార్చాల్సిందేనంటారు. మరమ్మతు ఖర్చు బీమా చేసిన విలువలో 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా పరిగణిస్తారు. ఎలక్ట్రానిక్స్ ధర పెరిగేకొద్దీ, ఇనుమూ ఇంజినూ చెక్కుచెదరని బండ్లు కూడా ఈ గీత దాటుతున్నాయి.

ఈ సందర్భంలో నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. వారంటీ దాటిన మా కారులో ఒక వానాకాలం కిటికీల అద్దాలు, వైపర్లు వాటంతటవే ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ పనిచేయడం మొదలైంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి, బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయింది, మొత్తం మార్చాలి, విడిగా రిపేరు చేయడం కుదరదు అని ఎస్టిమేట్ చేతికిచ్చారు. నేను ఆ కాగితం పట్టుకుని ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లాను. ఆయన డ్యాష్‌బోర్డు కిందకు దూరి, మాడ్యూల్‌కు వైర్లను కలిపే కప్లర్‌ను ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. రెండు పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి, ఆ నీరు చుక్కచుక్కగా వైర్ల వెంట జారి కప్లర్‌లోకి చేరుతోందని చూపించాడు. గొట్టం ఊదించి, పిన్నులు శుభ్రం చేసి, కప్లర్ బిగించాక సమస్య పోయింది. “మాడ్యూల్ నిజంగానే పోయి ఉంటే మాత్రం నేనేం చేయలేను సార్. పాత బండిది తెచ్చి పెట్టినా ఈ బండి ఒప్పుకోదు, కంపెనీవాళ్లు కోడింగ్ చేయాలి” అని ఆయనే అన్నాడు.

ఆయన చెప్పిన ఆ కోడింగే ఈ లేఖకు అసలు కారణం. కొత్త మాడ్యూల్‌కు ఆ కారు ఛాసిస్ నంబరును పరిచయం చేసే ప్రోగ్రాం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది, దాని తాళం కంపెనీ చేతిలో ఉంటుంది. విడిభాగాలనూ, పరీక్షా పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారన్న ఫిర్యాదు మీద భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. వాటిని బహిరంగ మార్కెట్‌లో అందుబాటులో ఉంచాలని కూడా ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, ఏళ్లు గడిచాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ పేరిట ప్రారంభించిన పోర్టల్‌లో ఆటోమొబైల్ రంగాన్నీ చేర్చారు. చేర్చడం మంచిదే, కానీ పోర్టల్‌లో పేరుండటం వేరు, ఆటోనగర్ షెడ్డులో కోడింగ్ జరగడం వేరు.

కంపెనీలు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. తాళం అందరికీ ఇస్తే దొంగలకూ ఇచ్చినట్లే అంటారు. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్డు మీద వెళ్తున్న జీప్ చెరోకీని ఎక్కడో దూరాన ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకుని చూపించారు. ఫలితంగా జీప్ తయారీ సంస్థ ఫియట్ క్రిస్లర్ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. అయితే ఆ లోపం ఏ మెకానిక్ స్కానర్ వల్లా వచ్చింది కాదు, కంపెనీ స్వయంగా తెరిచి ఉంచిన దారి గుండా వచ్చింది. పేరు నమోదు చేసుకుని, శిక్షణ పొంది, లైసెన్సు తీసుకున్న మెకానిక్‌కు ఏ కారుకు ఎప్పుడు కోడింగ్ చేశాడో రికార్డయ్యేలా అనుమతి ఇస్తే భద్రతకు వచ్చే లోటు ఏమీ ఉండదు.

కాబట్టి మంత్రిత్వ శాఖను కోరేదేమిటంటే, రీకాల్ నిబంధనలోని ఏడేళ్ల గడువును రిజిస్ట్రేషన్ కాలంతో సమానం చేయాలి. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, మీటర్ల తెర వంటి వాటికి సంబంధించిన మాడ్యూళ్లనూ, సాఫ్ట్‌వేర్‌నూ మోడల్ అమ్మకాలు ఆగిపోయాక ఎన్నేళ్లు అందిస్తారో కంపెనీ అమ్మకానికి ముందే ప్రకటించాలి, ఆ మాట తప్పితే రీకాల్‌తో సమానమైన జరిమానా ఉండాలి. యూరప్‌లో కార్లకు భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్ల వంటి వాటికి తెర మీది బొమ్మలు కాకుండా చేతికి తగిలే మీటలు ఉంటేనే 2026 నుంచి పూర్తి మార్కులు దక్కేలా నియమాలు మార్చింది. మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ దారి పట్టవచ్చు. రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. మన ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఇప్పటి కారు స్కానర్, వైరింగ్ డయాగ్రాం చేతికిచ్చి నేర్పించడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. కొత్త కారు మార్కెట్‌లోకి వచ్చినప్పుడల్లా దాని తెర ఎన్ని అంగుళాలో, ఎన్ని స్పీకర్లో మీ వాహన పేజీలో వివరంగా ఇస్తున్నారు. వారంటీ అయిపోయాక ఆ తెర ధర ఎంత, ఎన్నేళ్లపాటు దొరుకుతుంది అని కూడా కంపెనీ ప్రతినిధిని అడిగి, వచ్చిన జవాబును అదే పేజీలో ప్రచురించండి. జవాబు రాకపోతే, రాలేదనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ.